మీకు నెలకెంత ఇస్తారమ్మా?

సువార్త చెప్పడానికి ఆ పల్లెకు వెళ్ళిన మొదటి గురువారం నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్న అవ్వ, తల ఎత్తకుండానే అడిగింది.

"మీకు నెలకెంత ఇస్తారమ్మా, ఇట్టా తిరిగినందుకు?"

"ఏమీ ఇవ్వరు అవ్వా," అన్నాను.

అప్పుడు తలెత్తి చూసింది. నమ్మలేదు. "ఊరికే ఎవరొస్తారమ్మా ఈ ఎండలో," అని మళ్ళీ మిరపకాయల్లో పడిపోయింది. నేను నేర్చుకుని వెళ్ళిన మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. పాపం గురించో పరలోకం గురించో అడుగుతారనుకున్నాను గానీ, జీతం గురించి అడుగుతారని ఎవరూ చెప్పలేదు.

నేను పాస్టరును కాదు, పాస్టరుగారి భార్యను కాదు. ఒంగోలు శివారులో చిన్న కుట్టుమిషను కొట్టు నడుపుకుంటాను. జాకెట్లు, లంగాలు, జూన్ వస్తే స్కూలు యూనిఫారాలు. మాది బాప్టిస్టు సంఘం. మిషను అనే మాట చిన్నప్పటినుంచీ వింటూనే పెరిగాను. మిషను కాంపౌండు, మిషను ఆసుపత్రి, మిషను బడి. ఆ మాట వింటే నా కళ్ళముందు కనిపించేది ఒక పొడుగాటి ప్రహరీగోడ, లోపల చింతచెట్లు, ఒక పాత బంగళా. ఎప్పుడో దొరలు వచ్చి, మాకోసం ఏదో చేసి, వెళ్ళిపోయారు. మిషనంటే అది.

మా వంతుగా మేం చేసింది పిడికెడు బియ్యం. అమ్మ సోలతో బియ్యం కొలిచాక, కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న డాల్డా డబ్బాలో వేసేది. ఇంటికి చుట్టాలొచ్చి ఎసరు చాలకపోయిన రోజు కూడా ఆ పిడికెడు ఆగేది కాదు. చెయ్యి మాత్రం కొంచెం చిన్నదయ్యేదేమో, నేను చూడలేదు. ఆదివారం ఆ డబ్బా గుడికి తీసుకెళ్ళి గోనెసంచిలో పోసేవాళ్ళం. ఆరాధన అయ్యాక వేలం. అక్కడే అసలు తమాషా. రేషను బియ్యం, మొలకొలుకులు, ఎవరో ఇంట్లో దంచుకున్న బియ్యం, అన్నీ ఒకే సంచిలో కలిసేవి. వండితే ఒక గింజ చిమిడిపోయేసరికి ఇంకో గింజ పలుకుగా ఉండేది. అందుకని ఆ వేలానికి పాటగాళ్ళు తక్కువ. పాడేవాళ్ళు లేని వారం సంచి తిన్నగా, సంఘం తరఫున పల్లెల్లో సువార్త చెప్పే బైబిలమ్మగారింటికి చేరేది. ఆవిడ ముప్పై ఏళ్ళు మా అందరి ఇళ్ళ అన్నం కలిపి తిన్న మనిషి.

ఆ బైబిలమ్మగారికే మోకాళ్ళు అరిగిపోయాయి. చుట్టుపక్కల పల్లెలు మొదట కాలినడకన, తర్వాత ఆటోల్లో తిరిగి తిరిగి, చివరికి మంచం దిగడమే కష్టమైంది. ఇంకొకరిని జీతమిచ్చి పెట్టుకునే స్తోమత మా సంఘానికి లేదు. ఒక ఆదివారం పాస్టరుగారు, "కొండపి రోడ్డులో ఆ పల్లెకు గురువారం గురువారం ఎవరైనా వెళ్ళగలరా?" అని అడిగారు. ఎవరూ పలకలేదు. పైన ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. అలాంటి నిశ్శబ్దం భరించడం నాకు చేతకాదు, చెయ్యెత్తేశాను. "ప్రభువు నాతో మాట్లాడాడు, భారం ఇచ్చాడు" అని సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మాట నేను కాదనను. నాతో మాత్రం ఆ రోజు మాట్లాడినవి ఆ ఫ్యాన్లే.

ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. పది తప్పినదాన్ని, నాకేం వాక్యం తెలుసని? ఆ మాటే మా అత్తగారితో అన్నాను. ఆవిడది మధిర వైపు, దోర్నకల్ డయాసిస్, అంటే దోర్నకల్ బిషప్పుగారి కిందికొచ్చే సంఘాలు. ఆవిడ నవ్వి, "మా అమ్మకు వేలిముద్ర తప్ప ఏం రాదు," అని వాళ్ళమ్మ సంగతి చెప్పింది. బిషప్ అజరయ్యగారి కాలంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత, వాళ్ళ చెయ్యి వాళ్ళ తలమీదే పెట్టించి, "అయ్యో, నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అని చెప్పించేవారు. వాళ్ళలో ఎక్కువమంది అక్షరం రాని కూలివాళ్ళే. ఏడాదికో వారం సంఘం సంఘమంతా పనులు మానుకుని ఊళ్ళమీద పడి, పాటలు పాడి, తమకు జరిగింది చెప్పి వచ్చేది. "మా అమ్మ ఆ వారం కోసం ముందే రెండు పూటల జొన్నపిండి విసిరిపెట్టుకునేదట," అంది అత్తగారు.

అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయన. ఇదంతా నాకు కొంత తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆయన తెలుగువాడు కాదు, తిరునల్వేలి తమిళుడు. అక్కడి విశ్వాసులు 1903లో తమలో తాము చందాలు వేసుకుని సొంత మిషనరీ సొసైటీ పెట్టుకుని, తెలుగు నేలకు మనుషుల్ని పంపారు. అంటే దోర్నకల్‌కు మొదట వచ్చింది ఏ లండన్ డబ్బో కాదు, తిరునల్వేలి ఇళ్ళలోంచి పోగైన చిల్లర. డాల్డా డబ్బాను ఆ తర్వాత కాస్త వేరే కంటితో చూశాను.

వెళ్ళేముందు మూడు శనివారాలు బైబిలమ్మగారి దగ్గర కూర్చున్నాను. ఆవిడ గోంగూర ఒలుస్తూ చెప్పేది, నేను ఒలవడానికి సాయం చేస్తూ వినేదాన్ని. పాఠమనే పేరేమీ లేదు. "సంచి తగిలించుకుని పోకమ్మా. సంచి ఉంటే అందులో ఏముందోనని చూస్తారు, నీ మొహం చూడరు." (నేను వినలేదు. మొదటిరోజు సంచి నిండా కరపత్రాలు పట్టుకెళ్ళాను. రెండో వారానికి వాటిలో సగం చుట్టలు చుట్టిపెట్టుకోవడానికి ఉపయోగపడ్డాయి.) "ఎవరింట్లో మంచినీళ్ళిచ్చినా తాగు. ఇవ్వకపోతే అడిగి తాగు. వాళ్ళ దేవుళ్ళని పల్లెత్తు మాట అనబాకు. బిళ్ళలు మానేయమని చెప్పే ప్రార్థన మనది కాదు. వస్తానన్న రోజు వాన పడినా పో, పోలేకపోతే ముందు వారమే చెప్పిరా."

"మరి వాక్యం ఎప్పుడు చెప్పాలి?" అన్నాను.

"తొందరేముంది? కాడలు నారతీసి వెయ్యి, ఉత్త ఆకు కాదు," అంది గోంగూర చూపిస్తూ.

ఎర్రగుంట్ల పేరయ్య కథ కూడా ఆవిడే చెప్పింది. పేరు విన్నదే. మా ఒంగోలు మిషను చరిత్ర చెప్పేవాళ్ళంతా అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొరగారితో మొదలుపెడతారు. ఆవిడ పేరయ్యతో మొదలుపెట్టింది. మాదిగ, తోళ్ళ బేరగాడు. బేరానికి ఏలూరు దాకా పోయి అక్కడ సువార్త విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకుని తన ఊరికి పోయాడు. మరుసటి ఏడు జనవరిలో దొరగారు ఆ ఊరికి పోయి చింతతోపులో గుడారం వేసేసరికి జనం కాచుకుని కూర్చున్నారు. ఆ విడతలో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నాళ్ళూ ఆ మనుషుల మధ్య తోళ్ళ వాసన వేసుకుని తిరిగి చెప్పినవాడు పేరయ్య. దొరకు ముందు ఊరికి పోయింది ఇతనే.

1878 జూలై 3 సంగతి మా సంఘంలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె చెప్పుకుని మేం ఛాతీ విరుస్తాం. దాని చుట్టూ ఉన్న రెండు సంగతులు మాత్రం ఎందుకో చెప్పుకోం. ఒకటి, ఆ రోజు ఏట్లో దిగి ముంచినవాళ్ళు ఆరుగురూ తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. రెండోది అంతకు ముందు జరిగింది. 1876లో మొదలైన కరువులో జనం పురుగుల్లా రాలిపోతుంటే క్లౌగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ కరువు నడుస్తున్న పదిహేను నెలలూ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినా ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చారన్న మాట వాళ్ళకూ వద్దు, తనకూ వద్దు అని. తిండి పెట్టిన చేత్తో బాప్తిస్మం ఇవ్వకుండా ఆగాడు చూడు, అది నాకు నచ్చుద్దమ్మా, అంది బైబిలమ్మగారు.

ఇది విన్న నేను, ఆరు నెలలు తిరక్కుండానే సరిగ్గా దానికి ఎదురు పని చేశాను.

మా సంఘపెద్ద ఒకాయన బంధువుకు ఒక సంస్థతో పరిచయం. వాళ్ళు మా గురువారం పని గురించి విని, వంద దుప్పట్లు పంపుతామన్నారు. డిసెంబరు నెల, చలి. ఎవరు వద్దంటారు? దుప్పట్లతోపాటు ఒక కుర్రాడు కెమెరాతో వచ్చాడు. ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి, దుప్పటి ఛాతీకి ఆనించి, ఇటు చూడండి, నవ్వండి అన్నాడు. వెనక బ్యానరు. నేను కూడా పక్కన నిలబడి నవ్వాను. ఫోటోలో ఉంది నా నవ్వు. అవ్వ వంతు వచ్చింది. దుప్పటి తీసుకుని, చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోబోయింది. "అవ్వా, ఒక్క ఫోటో," అన్నాడు కుర్రాడు.

"దుప్పటి చలికా, ఫోటోకా?" అంది. ఫోటో కయితే తీసుకో అని తిరిగి ఇచ్చేసింది. ఆ ఏడు చలికాలం పాత చీరలు రెండు కలిపి కుట్టిన బొంతతోనే గడిపింది.

సరే, అంతటితో పోలేదు. తర్వాతి గురువారం నేను ఆటో దిగగానే పిల్లలు చేతులకేసి చూశారు. "ఈసారి ఏం తెచ్చావక్కా?" అని అడిగారు. మూడు నెలలపాటు అదే ప్రశ్న. అప్పటిదాకా రోట్లో పచ్చడి నూరుతూ కబుర్లు చెప్పిన ఆడవాళ్ళు కూడా నాతో మాట్లాడేటప్పుడు గొంతు మార్చారు, దండాలు పెట్టడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆ సంస్థవాళ్ళు నాకు నెలకు ఐదు వేలు, ఒక స్కూటీ ఇస్తామన్నారు. నెలనెలా ఒక కాగితం నింపాలి. ఎన్ని ఇళ్ళు, ఎన్ని కూటాలు, ఎన్ని ఆత్మలు. అబద్ధం చెప్పను, ఐదు వేలు అనగానే నాకు మిషను మీద నెలనెలా పడే ఈఎంఐ గుర్తొచ్చింది, కుట్టుమిషను సంగతి చెబుతున్నా. రెండు రాత్రులు ఆలోచించాను. చివరికి నన్నాపింది భక్తి కాదు. మొదటి రోజు అవ్వకు "ఏమీ ఇవ్వరు" అని చెప్పి ఉన్నాను. ఇప్పుడు తీసుకుంటే ఆవిడ మొహం ఎలా చూడాలి?

ఆ పల్లెలో డిగ్రీ చదివే కుర్రాడొకడు నన్ను ఒకరోజు బస్టాపు దగ్గర ఆపాడు. "ఆంటీ, మావాళ్ళని మార్చడానికేనా వచ్చేది?" అన్నాడు. గొంతులో కోపముంది. దాటేసే ప్రశ్న కాదది. నాకు తెలిసింది నేను చెబుతాను, వద్దంటే మానేస్తాను, మారడం మార్చడం నా చేతిలో లేదు అన్నాను. అతను దానికి తృప్తిపడలేదు గానీ, అసలు సంగతి బయటపెట్టాడు. వాళ్ళమ్మ ఎక్కడో సభల్లో బాప్తిస్మం తీసుకుంటానని ఒప్పుకుందట. తన ఎస్సీ సర్టిఫికెట్ ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇది మా గుళ్ళలో గుసగుసగా తప్ప మాట్లాడుకోని విషయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. మన దగ్గర ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు బీసీ-సీ కింద లెక్క, ఉన్నది ఒక్క శాతం రిజర్వేషను. మా నాన్న పట్టుబట్టి మాకు బీసీ-సీ అనే రాయించాడు. ఆ కాగితంతో మా తమ్ముడికి చేతికందిన ఉద్యోగం పోయింది. మాతోపాటే పక్క బెంచీలో కూర్చుని పాటలు పాడే కుటుంబంలో ఇంకో కాగితం మీద అదే ఉద్యోగం వచ్చింది. నాన్న చేసింది సరైనదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. తమ్ముడు అలా అనుకోడు, ఆ ఉద్యోగం పోయింది తనకు కదా.

ఆ సాయంత్రం కుర్రాడి వెంట వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళమ్మకు ఇదంతా విడమరిచి చెప్పాను. ఆమె బాప్తిస్మం మాట ఆపుకుంది. ఈ సంగతి మా కమిటీలో చెప్పినప్పుడు ఒకాయన, "ఒక ఆత్మను వెనక్కి తిప్పావమ్మా నువ్వు," అన్నాడు. ఆ మాటకు వారం రోజులు నిద్రపట్టలేదు. కానీ మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చెబుతాను. మా పాతవాళ్ళు ఖరీదు తెలిసి కొనుక్కున్నారు. ధర దాచిపెట్టి అమ్మడం బట్టలకొట్లో కూడా తప్పే.

మార్చి వస్తే ఆ పల్లెలో పగటిపూట మనుషులు కనపడరు. అందరూ పొగాకు పనిలో ఉంటారు. బ్యారన్‌లో కాల్చి దించిన ఆకును రంగు చూసి, మచ్చ చూసి వేరుచేసే గ్రేడింగు. నేనూ షెడ్డుకే వెళ్ళి కూర్చున్నాను. ఆకు ఘాటుకు అరగంటలో తల తిరిగి బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఒకామె నీళ్ళిచ్చి, నా కొంగుతోనే నా మొహం తుడిచింది. దుప్పట్ల తర్వాత పోయిన చనువు ఆ రోజు తిరిగొచ్చింది.

"ఊరికే కూర్చోకపోతే ఏదన్నా కథ చెప్పరాదా," అన్నారు. పోగొట్టుకున్న నాణెం కథ చెప్పాను. పది నాణేలున్న ఆడమనిషి, ఒకటి పోతే దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చి వెతకడం, దొరికాక ఇరుగుపొరుగును పిలిచి సంతోషపడటం. గుళ్ళో ఈ కథ మీద గంట ప్రసంగాలు విన్నాను. ఇక్కడ ఆకు వేరుచేస్తున్న చేతులు ఆగలేదు.

"ఊడవదా మరి? అది కూలి డబ్బు," అంది ఒకామె.

"మొగుడికి తెలీకుండా దాచుకుందై ఉంటది," అంది ఇంకొకామె.

అవ్వ కాసేపు ఆలోచించి, "దొరికిందని చుట్టుపక్కలోళ్ళందర్నీ పిలిచిందంటే, వాళ్ళకి టీ నీళ్ళకే ఆ రూపాయి అయిపోద్ది గదమ్మాయ్! మీ దేవుడికి లెక్కలు రావా?" అంది.

షెడ్డంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఇంటికి పోయే దారిలో ఆటోలో కూర్చున్నాక తట్టింది, ఆవిడ కథను మా పాస్టరుగారికంటే బాగా పట్టుకుందని.

అవ్వ మనవడికి మూర్ఛ ఉంది, తొమ్మిదేళ్ళవాడు. ఎవరో తిరుగుతూ వచ్చిన బోధకుడు నూనె రాసి, విశ్వాసముంటే బిళ్ళలు పారేయమన్నాడట. పారేశారు. పదకొండో రోజు బావిగట్టు మీద పడ్డాడు, లోపలికి కాకుండా బయటికి పడ్డాడు కాబట్టి బతికాడు. ఆ వారం నుంచి నా గురువారం పని మారిపోయింది. నెలకోసారి వాణ్ణి, అవ్వను తీసుకుని ఒంగోలులో ఆసుపత్రికి పోవడం. పొద్దున్నే చీటీ లైనులో నిలబడాలి, డాక్టరు దగ్గర ఇంకో లైను, మందుల కిటికీ దగ్గర ఇంకోటి. ఒక పూట గడిచిపోయేది. ఆ లైన్లలో మేం మాట్లాడుకున్నన్ని మాటలు ఆ వేపచెట్టు కింద ఏనాడూ మాట్లాడుకోలేదు. ఆమె కొట్టిన దెబ్బ కూడా ఆ లైనులోనే తగిలింది.

మా తోటికోడలికి, నాకు ఆరేళ్ళుగా మాటల్లేవు. అత్తగారి స్థలం పంపకం దగ్గర వచ్చిన గొడవ. వివరాలు అనవసరం, ఎవరి లెక్కలో వాళ్ళే రైటు. ఆ రోజు మందుల కిటికీ దగ్గర లైనులో మా తోటికోడలు ఎదురైంది. నేను తల తిప్పుకున్నాను, ఆమె కూడా తిప్పుకుంది. అవ్వ చూసింది. ఎవరని అడిగింది, చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. బిళ్ళలు కొంగున ముడేసుకుంటూ మాత్రం అంది.

"క్షమించమన్నాడని షెడ్డులో చెప్పావు గదమ్మాయ్. అది మాకేనా?"

జవాబు లేదు. ఆటోలో ఊరు చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ రాత్రి తోటికోడలికి ఫోను చేశాను, కట్ చేసింది. రెండు రోజులకు మళ్ళీ చేశాను. ఈసారి ఎత్తి, ఈ ఏడు చింతపండు ధర గురించి రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేసింది. ఇది రాసేనాటికి అక్కడే ఉన్నాం, చింతపండు దగ్గర.

ఇంకో సంగతి రాయకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. ఆ పల్లెకు అవతల చెరువుకట్ట కింద యానాదుల గుడిసెలు పది ఉన్నాయి. అక్కణ్ణించి ఒక తల్లి తనంతట తానే ఒక పండగ ఆదివారం మా గుడికి వచ్చింది. నేను పిలవలేదు, షెడ్డులో పాటలు విని వచ్చింది. ఆరాధన అయ్యాక ప్రేమవిందు. అందరికీ స్టీలు పళ్ళేలు. ఆమెకు మాత్రం ఎవరో కాగితపు ప్లేటు తెచ్చి ఇచ్చారు. పళ్ళేలు చాలలేదేమో అనుకుందామంటే, పక్కన దొంతర ఉంది. ఆమె ఏమీ అనుకోలేదు, అలవాటే అన్నట్టు తీసుకుని గోడవారన కూర్చుంది. మమ్మల్ని ఊరవతల పెట్టారని, మా తాతలకు హోటళ్ళలో వేరే గ్లాసులు పెట్టారని మేం చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆ తాతల మనవలం కాగితపు ప్లేటు తెచ్చాం. నేను లేచి నా పళ్ళెం మార్చానని రాస్తే బాగుండును. లేవలేదు. తర్వాతి గురువారం చెరువుకట్టకు వెళ్ళి ఆమె ఇంట్లో అడిగి నీళ్ళు తాగాను. అప్పటికే ఆలస్యమైంది. ఆమె మళ్ళీ గుడికి రాలేదు.

ఏడాది తిరిగింది. వార్షిక కూటానికి ప్రతి కమిటీ ఒక రిపోర్టు ఇవ్వాలి. మిషను కమిటీ ఫారం పాతది, టైపు చేసిన కాగితానికి జిరాక్సు తీసి తీసి అక్షరాలు చెదిరిపోయాయి. దర్శించిన గ్రామాలు, ఒకటి. జరిపిన కూటాలు, ఏం రాయాలో తెలియక "షెడ్డులో" అని రాశాను. పంచిన కరపత్రాలు, 200, మొదటి రెండు వారాలవే. బాప్తిస్మం పొందినవారు అన్న చోట సున్నా పెట్టాను. పెన్ను కాసేపు అక్కడే ఆగింది. ఆ గడిలో ఏదో ఒక అంకె ఉంటే బాగుండునని నాకూ ఉంది, లేదనను. ఖర్చులు అన్నచోట ఆటో చార్జీలు రాసి, పిడికెడు బియ్యం వేలం డబ్బుల్లోంచి తీసుకున్నానని రాశాను.

కూటంలో కార్యదర్శి ఆ కాగితం చదివాడు. సున్నా దగ్గర ఒకసారి ఆగి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చదివాడు. నన్ను "ఒక ఆత్మను వెనక్కి తిప్పావు" అన్న పెద్దాయన ముందు వరసలోనే ఉన్నాడు. ఏమంటాడోనని చూస్తున్నాను. బైబిలమ్మగారిని ఆ రోజు కుర్చీలో మోసుకొచ్చారు, ఆవిడ వెనకనుంచి గట్టిగా, "నేను పోయిన ఊళ్ళో మొదటి సున్నా నాలుగేళ్ళుంది, ఎవరూ చదవలేదప్పుడు," అంది. కొందరు నవ్వారు.

పెద్దాయన నవ్వలేదు. కాగితం చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే. ఆ పిల్లవాడి ఫిట్స్ ఎట్టా ఉన్నాయి ఇప్పుడు?" అన్నాడు.

తగ్గాయన్నాను. నాలుగు నెలలుగా రాలేదు.

"వచ్చే నెల ఏ తారీఖు పోవాలి ఆసుపత్రికి?"

"రెండో గురువారం. కానీ తొమ్మిదిన్నర పల్లెవెలుగు తీసేశారంట. ఆటో అయితే ముగ్గురికి ఎక్కువవుద్ది."

"మావాడి ఆటో ఉంది గదా," అని, పక్కనున్న కొడుకు వైపు తిరిగి, "రెండో గురువారం బాడుగలు పెట్టుకోబాకురా," అన్నాడు. కొడుకు ఫోను చూసుకుంటూనే తలూపాడు. కార్యదర్శి తర్వాతి కమిటీ కాగితం తీశాడు, గుడికి సున్నం వేయించే సంగతి.